శెట్టిగారి కిటికీకి చేసిన రెండు రిపేర్లు

2022 వేసవి. రాయచోటి బస్టాండు వెనక సందులో నాకు చిన్న షాపు ఉంది. తలుపుల పని చేసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. కిటికీలు మాత్రమే చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. చెక్క కిటికీలతో మొదలుపెట్టి, అల్యూమినియం స్లైడింగ్ నేర్చుకుని, ఇప్పుడు ప్లాస్టిక్ కిటికీలు కూడా చూస్తున్నాను. ఈ పనిలోకి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

తలుపు పాడైతే జనం ఆ పూటే పరిగెత్తుకొస్తారు. కిటికీ పాడైతే పదేళ్లు ఓపిక పడతారు. రెక్క ఊగుతుంటే తాడు కడతారు. గడియ పడకపోతే ఇటుక ఆనిస్తారు. అద్దం గలగలమంటే శుభలేఖ మడిచి సందులో దూరుస్తారు. ఒక ఇంట్లో అలా దూర్చిన శుభలేఖ బయటికి తీసి చదివితే, ఆ పెళ్లికొడుకు కూతురికి అప్పటికే సంబంధాలు చూస్తున్నారని తెలిసింది. ఇంటికి చుట్టాలు వస్తున్నారన్నప్పుడో, చట్రం సందులోంచి వాన నీళ్లు మంచం మీదికి వచ్చినప్పుడో నేను గుర్తొస్తాను. అందుకే ఒక పెద్దమనిషి తనంతట తాను మండుటెండలో నడిచివచ్చి, కిటికీ బాగుచెయ్యమని అడిగితే నాకు ఆశ్చర్యం వేసింది.

ఆయన వెంకటసుబ్బయ్య శెట్టిగారు. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్లు బట్టల అంగడి నడిపి, ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పి ఇంట్లో ఉంటున్నారు. కుడికాలు కొంచెం జాగ్రత్తగా వేసి నడుస్తారు. తన గదిలో కిటికీ తీస్తే శబ్దం వస్తోందని, అది తీసెయ్యాలని చెప్పారు. సాయంత్రం వచ్చి చూస్తానంటే వద్దన్నారు. మరునాడు పొద్దున పది గంటలకే రమ్మన్నారు. ఆ వేళకు తన భార్య గుడికి పోతుందని, కోడలు అంగట్లో ఉంటుందని, పని ప్రశాంతంగా జరుగుతుందని చెప్పారు. ఇంట్లో ఆడవాళ్లు లేకపోతే పని ప్రశాంతంగా జరుగుతుందని చాలామంది మగవాళ్లు అనుకుంటారు కాబట్టి నేను దాన్ని పట్టించుకోలేదు.

వెళ్లాను. ఏ ఇంటికి వెళ్లినా ముందు కిటికీలన్నీ ఒకసారి తీసి, మూసి చూడటం నాకు అలవాటు. హాల్లో స్లైడింగ్ కిటికీ కదలడం లేదు. దాని ట్రాక్, అంటే రెక్క నడిచే గాడి, మట్టితో నిండిపోయింది. కింద ఉండే రోలర్లనే చిన్న చక్రాలు అరిగిపోయాయి. కొడుకు గదిలో అద్దం చుట్టూ పెట్టిన పుట్టీ ఎండకు రాలిపోయి, పక్కింట్లో మిక్సీ వేసినా అద్దం వణుకుతోంది. వంటింటి కిటికీకి గడియ ఒకచోట, అది పడాల్సిన రంధ్రం ఇంకోచోట ఉన్నాయి. ఇవన్నీ చూపిస్తే శెట్టిగారు ఊ కొట్టారు గానీ, చూపు తన గది వైపే ఉంది.

నిజానికి ఆ ఇంట్లో అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్న కిటికీ ఆయన గదిలోదే. సందు వైపున, గదిలోకి తెరుచుకునే రెండు టేకు రెక్కలు, బయట నిలువు ఊచలు. రెక్క బిగువుగా, తిన్నగా ఉంది. కానీ తీస్తే మాత్రం కుక్క తోక మీద కాలు వేసినట్టు అరుస్తోంది. శెట్టిగారు నాకు తీసి చూపించారు. విసురుగా తీశారు, అరిచింది. మెల్లగా తీశారు, ఇంకా ఎక్కువసేపు అరిచింది. రెక్కను రెండు చేతులతో పైకి ఎత్తిపట్టి కూడా తీసి చూపించారు. ఈ కిటికీతో ఆయన చాలా ప్రయోగాలు చేసి ఉంటారని అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

రోగం చిన్నది. హింజ్ అంటే రెక్కను చట్రానికి పట్టి ఉంచే మడత బందు. దాని నడుమ ఒక ఇనుప పిన్ను ఉంటుంది. ఆ పిన్ను తుప్పు పట్టి, బందు గొట్టంలో గరుగ్గా తిరగడం వల్ల ఆ అరుపు పుడుతుంది. జనం దాని మీద కొబ్బరినూనె పోస్తారు. మా వైపు ధూళికి ఆ నూనె వారంలో జిగురుముద్ద అవుతుంది, శబ్దం రెట్టింపు అవుతుంది. నేను రెక్కలు దించి, పిన్నులు ఊడగొట్టి, గరుకు కాగితంతో మెరిసేదాకా తోమాను. గొట్టాల్లో తుప్పు గీకి, పెన్సిల్ ముల్లు పొడి కలిపిన గ్రీజు పట్టించి మళ్లీ బిగించాను. గడియ టక్కుమంటోంది, దాన్ని కూడా చూడమన్నారు. గడియ దిగే చోట తోలుముక్క అతికించాను. ఆ తర్వాత ఆయన ఊచల దగ్గరికి వచ్చి, వీటిలో ఒకదాన్ని కొంచెం పక్కకు వంచితే గాలి బాగా వస్తుంది కదా అని అడిగారు. ఊచ వంచితే గాలి పెరగదని, దొంగకు మాత్రం వీలుగా ఉంటుందని చెప్పాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, సరేలే, ఉన్న సందు చాలు అన్నారు.

పని అయ్యాక కళ్లు మూసుకుని కిటికీ తీశారు. మూశారు. మళ్లీ తీశారు. ఏ శబ్దమూ లేదు. ముఖం వెలిగిపోయింది.

"నీ చేతిలో ఏదో ఉండాదప్పా మస్తానూ" అన్నారు. "ఇంట్లో మాత్రం చెప్పబాకు. వాళ్లకు ఇట్లాంటివి అర్థం కావు."

ఇన్నేళ్ల పనిలో ఒక కిటికీకి అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు. ఆ రోజంతా షాపుకు వచ్చినవాళ్లందరికీ పిన్ను తోమడం గురించి చెప్పాను.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు షాపు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగి, బోర్డు చదివి, నన్ను ఎగాదిగా చూసి, శెట్టిగారి ఇంట్లో కిటికీ బాగుచేసింది నువ్వేనా అని అడిగింది. ఆవిడ శెట్టిగారి భార్య సరస్వతమ్మ. మెచ్చుకోవడానికే వచ్చి ఉంటుందని, మిగతా కిటికీలు కూడా అప్పజెబుతుందని అనుకుని, స్టూలు తుడిచి వేసి, నేనేనమ్మా అన్నాను.

"అయితే పోయి మల్లా చెడగొట్టబ్బీ" అంది ఆవిడ.

విషయం అప్పుడు తెలిసింది. శెట్టిగారికి పన్నెండేళ్లుగా షుగర్. ముందటి ఏడాది కుడికాలి బొటనవేలికి పుండు పడి, వేలు తీసేసే దాకా వచ్చింది. నాలుగు నెలలు కట్లు కడితే మానింది. ఆయన అన్నం మానేశారు, కాఫీలో చక్కెర మానేశారు, కొర్రలు, రాగులు అన్నీ తిన్నారు. మామిడిపండు మాత్రం మానలేకపోయారు. బనగానపల్లె మామిడిని మా వైపు బేనిషా అంటారు. ఆ పండు సీజనులో రోజూ మధ్యాహ్నం, ఇంట్లో అందరూ భోంచేసి నడుము వాల్చే వేళకు, కాశమ్మ అనే ఆవిడ తోపుడుబండి తోసుకుంటూ ఆ సందులోకి వస్తుంది. శెట్టిగారి గది కిటికీ సందులోకే. ఆయన ఏ రోజు కిటికీ మీద చెయ్యి వేసినా అది అరిచేది, వంటింట్లో పడుకున్న సరస్వతమ్మ లేచి వచ్చేది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో డాక్టరు మాట నిలబెట్టింది ఆ తుప్పు పట్టిన పిన్నే. దాన్ని నేను మెరిసేదాకా తోమి వచ్చాను.

ఈసారి రక్తపరీక్షలో షుగర్ బాగా పెరిగింది. కట్టు విప్పిన వేలి దగ్గర చర్మం మళ్లీ ఎర్రబారింది. ఏం పెడుతున్నావమ్మా ఈయనకి అని డాక్టరు అందరి ముందూ సరస్వతమ్మను అడిగాడు. ఆవిడ ఇంటికొచ్చి కోడలిని అడిగింది. కోడలు ప్రసన్న వాళ్ల పుట్టింటి అలవాటు ప్రకారం సాంబారులో చిటికెడు బెల్లం వేస్తుంది. ఆ బెల్లమే కొంప ముంచిందని సరస్వతమ్మ నాలుగు మాటలు అంది. నేను మామగారి సాంబారు వేరే గిన్నెలో, బెల్లం లేకుండానే చేస్తున్నానని కోడలు ఏడ్చింది. అత్తాకోడళ్లకు మాటలు ఆగి అప్పటికి పది రోజులు. ఆ పొద్దున సరస్వతమ్మ గది ఊడుస్తుంటే కిటికీ చట్రం మీద చీమలు బారు కట్టి కనిపించాయట. ఎందుకా అని కిటికీ తీసి చూసింది. తీసిన కిటికీ అరవకపోయేసరికి అంతా అర్థమైపోయింది.

తప్పు నాది కాదు. అయినా ఆ వేలు ఎర్రబారిందన్న మాట వినేసరికి, మూడు వారాల కిందట నేను పడ్డ గర్వమంతా దిగిపోయింది. కిటికీ చెడగొట్టడం ఎప్పుడూ చెయ్యలేదమ్మా అన్నాను. బాగుచెయ్యడం వచ్చినోనికి చెడగొట్టడం రాదా అంది ఆవిడ. మరునాడు మధ్యాహ్నం పన్నెండుకు రమ్మంది. ఆ వేళకు ఆయన క్షౌరానికి పోతాడట.

ఆవిడ అన్న మాట తప్పని మరునాడు తేలింది. బాగుచెయ్యడం వచ్చినవాడికి చెడగొట్టడం రాదు. కిరసనాయిలుతో గ్రీజు అంతా కడిగేశాను. కిటికీ నిశ్శబ్దంగా తెరుచుకుంది. పిన్ను అద్దంలా ఉంది మరి. గొట్టంలో ఇసుక పోశాను. రెక్క సగంలో ఆగిపోయింది గానీ అరవలేదు. ఇసుక దులిపి, గొట్టాన్ని సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి బిగించాను. ఒక చిన్న కూత వచ్చింది. ఉప్పునీళ్లు పోస్తే తుప్పు పడుతుంది, కానీ దానికి వారాలు కావాలి. ఏళ్ల తరబడి వానా ఎండా కలిసి చేసిన శబ్దాన్ని నేను గంటలో చెయ్యాలని చూస్తున్నాను. ప్రతి ప్రయత్నానికీ సరస్వతమ్మ వంటింట్లోకి వెళ్లి, తాను రోజూ పడుకునే చోట చాప మీద పడుకుని, తీయమని కేక వేసేది. నేను తీసేవాణ్ణి. వినపడలేదని అక్కణ్ణుంచి చెప్పేది.

అలా ఒంటిగంట దాటి, రెండు కావొచ్చింది. నేను చెమటతో తడిసి, సుత్తి ఎత్తి ఇంకో దెబ్బ వెయ్యబోతూ తల తిప్పితే, శెట్టిగారు గుమ్మంలో ఉన్నారు. కొత్తగా చేయించుకున్న క్షౌరం, చేతిలో గొడుగు.

"ఏం చేస్తాండావప్పా" అని మెల్లగా అడిగారు.

"శబ్దం పెడ్తాండా శెట్టిగారూ" అన్నాను.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి సరస్వతమ్మ గొంతు వినిపించింది. "ఇంగా గట్టిగా అబ్బీ. కోడిపిల్ల కూసినట్టుండాది."

శెట్టిగారు గొడుగు గోడకు ఆనించారు. వచ్చి మంచం మీద కూర్చున్నారు. సరస్వతమ్మ జవాబు రాలేదేమని లేచి వచ్చి, ఆయనను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను తెరిచిన కిటికీ రెక్క పట్టుకుని ఇద్దరి మధ్యా ఉన్నాను. వదిలేస్తే మూసుకుంటుంది, పట్టుకుంటే చెయ్యి లాగుతోంది. అంతలో సందులో బండి చక్రాల చప్పుడు వచ్చి కిటికీ దగ్గర ఆగింది. ఊచల మధ్యలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

"శెట్టిగారూ, ఈపొద్దు రెండా, మూడా?"

కాశమ్మ. వెలుతుర్లోంచి చూస్తోంది కాబట్టి లోపల ఎవరున్నారో ఆమెకు కనిపించలేదు. సరస్వతమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి, రోజూ ఎన్ని తీసుకుంటాడు అని మామూలుగా అడిగింది. కాశమ్మ కూడా మామూలుగానే చెప్పింది. కిటికీ బాగయిన కొత్తలో ఒకటే తీసుకునేవాడని, ఇప్పుడు రెండు, మూడు అని, కోసి ముక్కలు ఇచ్చేది తనేనని, టెంకలు తిరిగి తనకే ఇచ్చేస్తాడని, చేతులు కడుక్కోవడానికి ఊచల సందులోంచి చెంబుతో నీళ్లు కూడా తనే పోస్తానని వివరంగా చెప్పింది. పెద్దాయన ఇల్లంతా శుభ్రంగా ఉంచుకుంటాడమ్మా అని మెచ్చుకుంది కూడా.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోవడానికి చట్రంలో లేని మేకు కోసం వెతికాను.

శెట్టిగారు తల ఎత్తారు. ఆయన గొంతులో కోపం ఉంది, దాని వెనక సిగ్గు కూడా ఉంది. "నలభై ఏండ్లు అంగడి నడిపినా. ఈ ఊర్లో సగం పెండ్లి గుడ్డలు నా చేతి మీద పోయినాయి. ఈపొద్దు నా నోట్లోకి ఏం పోవాల్నో నేను తప్ప అందరూ చెప్తాండారు" అన్నారు.

సరస్వతమ్మ గొంతు పెంచలేదు. "పోయినేడు ఆస్పత్రిలో నీకు మత్తిచ్చినాక, వేలు తీసేదానికి సంతకం పెట్టమని కాగితం నా చేతికిచ్చినారు" అంది. "పెన్ను పట్టుకోని గంట కూచున్నా. పెట్టలేకపోయినా. ఇంగొకసారి చూస్తామని డాక్టరు అన్న్యాక పెన్ను వాళ్లకిచ్చేసినా. నీకు చెప్పలేదు. మల్లా ఆ పెన్ను పట్టుకోలేను నేను."

నేను సుత్తి మెల్లగా కింద పెట్టాను. శెట్టిగారు తన కాలి వైపు చూశారు. ఆ కాగితం సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. తర్వాత, కోడలు వచ్చాక సాంబారు సంగతి తానే చెబుతానని, తప్పంతా తనదేనని అన్నారు. సరస్వతమ్మ, తాను అన్న నాలుగు మాటలకు తాను కూడా కోడలికి ఏదో చెప్పుకోవాలి కదా అంది. ఆ ఇంట్లో ఆ రోజు అన్నిటికన్నా కష్టమైన పని అదేనని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

ఇక నా పని ఏమిటో అర్థం కాక, గొట్టం సరిచేసి మళ్లీ గ్రీజు పెట్టేయనా అని అడిగాను. సరే, బాగుచేసెయ్యి అంది సరస్వతమ్మ. శెట్టిగారే వద్దన్నారు.

"శబ్దం పెట్టప్పా" అన్నారు. "ఈపొద్దు బుద్ధి వచ్చినాది గాని, రేపు మజ్జాన్నానికి నా మీద నాకే నమ్మకం లేదు."

పెట్టమన్నవాడు ఇంటి యజమాని అయ్యేసరికి నా బుర్ర కూడా పనిచేసింది. పిన్ను అరవకపోతే పోయింది. రెక్కను కిందికి దించితే సరి. పై హింజ్‌లో రెండు స్క్రూలు వదులు చేస్తే రెక్క తన బరువుకు తనే నూలుపోగంత కిందికి జారుతుంది. దీన్ని మేము సాగింగ్ అంటాం. జారిన రెక్క అడుగు చట్రాన్ని ఒరుసుకుంటూ తెరుచుకుంటుంది. రోజూ పది ఇళ్లలో నేను పోగొట్టే రోగం ఇదే. చేతులారా పెట్టడం అదే మొదటిసారి. ఎంత జారాలో కొలత చూసుకుని, రెక్క ఊడిపోకుండా మిగతా స్క్రూలు గట్టిగా బిగించి, శెట్టిగారినే తీయమన్నాను. ఎద్దు రంకె వేసినట్టు బర్రుమంది. చాప మీద పడుకోకుండానే వినపడిందని సరస్వతమ్మ చెప్పింది. వీధి చివరి ఇంట్లో కూడా వినపడి ఉంటుందని కాశమ్మ చెప్పింది.

ఇకమీదట పండు వీధి గుమ్మం దగ్గరే ఇవ్వాలని, అది కూడా సరస్వతమ్మ చేతికే ఇవ్వాలని ఒప్పందం జరిగింది. డాక్టరు వారానికి ఒకసారి సన్నటి ముక్క ఒకటి తినొచ్చని చెప్పి ఉన్నాడట. ఆ వారం ముక్క అప్పుడే ఇచ్చేద్దామని సరస్వతమ్మ ఒక పండు తీసుకుని కోసింది. శెట్టిగారికి ఒక ముక్క ఇచ్చి, మిగతా పండంతా పళ్లెంలో పెట్టి నా ముందు పెట్టింది. శెట్టిగారు తన ముక్కను రెండు నిమిషాల్లో చప్పరించి, ఆ తర్వాత నేను తినే ప్రతి ముక్కనూ చూస్తూ కూర్చున్నారు. అంత తియ్యటి పండును అంత ఇబ్బందిగా నేనెప్పుడూ తినలేదు.

వేలు మానింది. కోడలు మాట్లాడటానికి మాత్రం ఇంకో వారం పట్టిందని విన్నాను. మిగతా మూడు కిటికీలు ఆ నెలలోనే బాగుచేయించుకున్నారు, వాటికి ఏ శబ్దమూ అక్కర్లేదని ముందే చెప్పారు. ఆ ఏడాది నుంచి, మామిడి పూత వచ్చే రోజుల్లో శెట్టిగారు ఫోన్ చేస్తారు. చలికాలం చెక్క ఎండి కుదించుకుపోతుంది, రెక్క అడుగున సందు పెరుగుతుంది, శబ్దం తగ్గుతుంది. వచ్చి సరిచెయ్యమంటారు. ఒక లోపాన్ని ఏటా సర్వీసింగ్ చేయించుకునే ఇల్లు నాకు అదొక్కటే.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. అంతకుముందు కిటికీని చూసేవాణ్ణి, ఏది పాడైందో కిటికీయే చెప్పేది. ఇప్పుడు పనిముట్ల సంచి కింద పెట్టకముందే ఇంట్లో ఉన్న అందరినీ పిలిచి, ఈ చప్పుడు మీలో ఎవరికైనా అవసరమా అని అడుగుతున్నాను. చాలామంది నవ్వుతారు, నాకు పిచ్చి పట్టిందనుకుంటారు. అప్పుడప్పుడూ మాత్రం ఒక ఇంట్లో ఎవరో ఒకరు నవ్వకుండా ఆగి, కాస్త ఆలోచించి, ఆ ఒక్కటీ ఉండనీలే అంటారు. ఎందుకని నేను అడగను. సంచి తీసుకుని పక్క కిటికీ దగ్గరికి వెళతాను.